మా అమ్మ త్యాగమూర్తి కాదు

అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పటికీ ఊళ్ళో ఎవరు కనబడినా అదే మాట: "మీ అమ్మ త్యాగమూర్తమ్మా, ఆ పిల్లాడి కోసం బతుకంతా ధారపోసింది." సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు విస్తరి ముందు కూర్చుని మరీ అన్నారు. అభిమానంతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా తమ్ముడు పుట్టగానే ఏడవలేదు. మెదడుకి ఆక్సిజన్ అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి, మాట ముద్దగా వస్తుంది. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరూ తేల్చలేకపోతే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థకి వాణ్ణి ఎత్తుకుని రైల్లో వెళ్ళి తెలుసుకొచ్చింది అమ్మ. ఈలోపల చుట్టాలు కారణాలు తేల్చేశారు. గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందట. మేనరికం చేసుకుందట (చేసుకుందా, చేశారా?). పోయిన జన్మలో ఏం పాపం చేసిందోనట. నాన్ననైతే ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు పాపం అంటగట్టిన నోళ్ళే ఇప్పుడు త్యాగం అంటున్నాయి. నా కోపం అక్కడ.

అసలు ఆవిడ దేన్ని త్యాగం చేసింది? నడుముని. తమ్ముడి బడికి మూడు మెట్లుండేవి. పదో తరగతి అయ్యేదాకా రోజూ వాణ్ణి ఆ మెట్ల మీదుగా ఎత్తి దించింది. ఒక్క ర్యాంపు కట్టించండి, ఖర్చు నేను పెట్టుకుంటానని అడిగితే, "ఒక్క పిల్లాడి కోసం బిల్డింగు ముందుభాగం పాడుచేసుకుంటామా?" అన్నారు. ర్యాంపు లెక్క తరవాత అమ్మకి కంఠతా వచ్చింది: అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఆ మూడు మెట్లు కలిపి అడుగున్నర. అంటే పద్ధెనిమిది అడుగులు చాలు. గోడ వారన బోలెడు చోటుంది. అది కట్టి ఉంటే నలభై అయిదేళ్ళకే ఆవిడ నడుం పడిపోయేది కాదు. కట్టనివాళ్ళని వదిలేసి, మోసినావిడకి దణ్ణం పెడితే ఎలా?

ఆవిడ చదివింది పదో తరగతి. నా బీఏ తెలుగు కూడా ఆవిడకి అక్కరకొచ్చింది అర్జీలు రాయడానికే. 1995 చట్టం వచ్చిన కొత్తల్లో సర్టిఫికెట్ కోసం వెళితే, "సెరిబ్రల్ పాల్సీ జాబితాలో లేదమ్మా" అన్నాడొక గుమాస్తా. చట్టంలో ఉన్నవి ఏడు రకాలే, నిజమే. కానీ కదలికల వైకల్యానికి ఇచ్చిన నిర్వచనం లోపలే సెరిబ్రల్ పాల్సీ ఏ రూపంలో ఉన్నా వర్తిస్తుందని రాసి ఉంది. ఇంగ్లీషు పుస్తకం ఎక్కడో సంపాదించి, నా చేత చదివించుకుని, ఆ పేజీ జెరాక్సు తీయించి, ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి పట్టుకెళ్ళింది. సర్టిఫికెట్ వచ్చింది.

అక్కడితో ఊరుకుంటే తల్లిప్రేమ అని సరిపెట్టుకోవచ్చు. ఊరుకోలేదు. సోమవారం వచ్చిందంటే గుడ్డ సంచీలో కాగితాలు సర్దుకుని కలెక్టరాఫీసుకి గ్రీవెన్సుకి బయల్దేరేది. ఆ సంచీలో మా తమ్ముడి కాగితాలు ఒకటో రెండో, మిగతావన్నీ ఊళ్ళోవాళ్ళవి. చెవులు వినపడని చాకలి పిల్లకి పింఛను. పోలియో వచ్చిన టైలరుకి మూడు చక్రాల బండి. సర్టిఫికెట్ మీద 40 శాతానికి రెండు తక్కువ వేశారని, ఒక కుర్రాడి కోసం మళ్ళీ బోర్డు దగ్గరికి. ఒంటరిగా ప్రయాణం చేయలేని మనిషికి రైల్లో రాయితీ ఉంటే, వెంట వచ్చేవాళ్ళకీ ఉంటుందని కౌంటర్లో నిలబడి వాదించేది. వెనక క్యూలో జనం విసుక్కునేవాళ్ళు. అప్పట్లో మా ఊళ్ళో ఆవిడ పేరు త్యాగమూర్తి కాదండోయ్, గయ్యాళి.

2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో దివ్యాంగులు అనే మాట వాడమన్నారు. అంతకుముందు విభిన్న ప్రతిభావంతులు. ఆ రెండు మాటలూ ఎలా పుట్టాయో నేను అమ్మకి చెప్పబోతే అడ్డం పడి, "దివ్యమైతే ఆఫీసు మేడ మీద ఎందుకు పెట్టారే? ఎగిరొస్తారనా?" అంది.

నా పెళ్ళిచూపుల సంగతి కూడా చెప్పాలి. తమ్ముణ్ణి ఆ పూట పక్కింట్లో ఉంచమని మేనత్త సలహా. అమ్మ వాడికి కొత్త చొక్కా తొడిగి ముందుగదిలో, వచ్చినవాళ్ళకి ఎదురుగా కూర్చోబెట్టింది. "మా అబ్బాయి. డిగ్రీ చదువుతున్నాడు" అని పరిచయం చేసింది. ఆ సంబంధం తప్పిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తరవాతి సంబంధం వాళ్ళబ్బాయి కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. ఆయనే మా ఆయన.

ఇప్పుడు మనలో మాట. పెళ్ళికి పిలవడానికి వచ్చి, "అబ్బాయిని ఎందుకులెండి ఇబ్బంది పెట్టడం, మీరొస్తే చాలు" అనేది ఎవరు? మనమే. వాడు ఎదురుగా ఉండగానే "అన్నం తిన్నాడా?" అని నన్నడిగేది ఎవరు? మన పిల్లల క్లాసులో అలాంటి పిల్లాడు చేరితే టీచరు దృష్టి అంతా వాడి మీదే ఉంటుందని వాట్సాప్ గ్రూపులో గొణిగేది ఎవరు? ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ప్రైవేటుదైనా సరే, వివక్ష చూపకుండా చేర్చుకోవాలని 2016 చట్టం చెబుతోంది. వైకల్యాలూ ఏడు నుంచి ఇరవై ఒకటయ్యాయి. ఆంధ్రలో పింఛను 2024లో 6,000 చేశారు. ఇవేవీ త్యాగాలవల్ల రాలేదు. మా అమ్మలాంటి గయ్యాళులూ, మా తమ్ముడిలాంటివాళ్ళూ ఏళ్ళ తరబడి ఆఫీసుల ముందు కూర్చుంటే వచ్చాయి.

తమ్ముడు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటాడు. స్నానం మా ఆయన చేయిస్తారు, తిండి నేను చూస్తాను, కరెంటు బిల్లుల నుంచి మా అమ్మాయి కాలేజీ దరఖాస్తుల దాకా ఫోనులో ఒంటి వేలితో వాడు చూస్తాడు. అయినా వీధిలో నాకు అప్పుడే బిరుదు తగిలించేశారు: "అమ్మ పోలికే. నువ్వూ త్యాగమూర్తివే."

వచ్చే నెల మా చిన్నాన్నగారి మనవరాలి పెళ్ళి. మండపం మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు ఉందా అని మేనేజరుకి ఫోన్ చేస్తే, "లేదు మేడం. నలుగురు కుర్రాళ్ళని పెడతాం, కుర్చీతో సహా ఎత్తుకొచ్చేస్తారు" అన్నాడు, పెద్ద సాయం చేస్తున్నట్టు. నలభై దాటిన మనిషిని, అంతమంది చుట్టాల ముందు. భోజనాలు ఎటూ కిందేగా, ముహూర్తం కూడా కిందే పెట్టించమని చిన్నాన్నగారికి చెప్పాను. "బాగుండదేమోనమ్మా, ఆలోచిద్దాం" అన్నారు. రేపు పొద్దున్నే వాళ్ళింటికి వెళుతున్నాను.