ఆకాశంలో అబద్ధపు దారులు

హైదరాబాద్‌లో విమానం ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో దుబాయ్. దారిలో రోడ్డు లేదు, మైలురాయి లేదు. కిందికి చూస్తే సముద్రం, రాత్రయితే అదీ కనపడదు. అయినా తానెక్కడున్నదీ పైలట్‌కు తెలుస్తూనే ఉంటుంది. ఎలా తెలుస్తుందని మనలో ఎంతమంది ఆలోచించి ఉంటారు? లీవు దొరికిందా, టికెట్ రేటు తగ్గిందా, సామాను బరువు దాటిందా... మన చింతలు మనవి. దారి సంగతి పైలట్ చూసుకుంటాడు. నిజమే. కానీ పైలట్‌కు దారి చెప్పేది రేడియో తరంగం. ఆ తరంగం చేత అబద్ధం చెప్పించవచ్చు. ఈ విషయం 1940లోనే తేలింది. 2023 నుంచి మనం పొట్ట చేతపట్టుకుని తిరుగుతున్న ఈ పశ్చిమాసియా ఆకాశంలో అదే పని మళ్లీ జరుగుతోంది. అందుకే ఆ యుద్ధకాలపు కథ మనవాళ్లు ఒకసారి వినాలని మేమంటున్నాం.

1930లలో జర్మనీలో లోరెంజ్ అనే కంపెనీ పొగమంచులో విమానాలు దిగడానికి ఒక ఏర్పాటు చేసింది. ఉపాయం చాలా తేలిక. రన్‌వే వైపు నుంచి పక్కపక్కనే రెండు రేడియో కిరణాలు పంపుతారు. విమానం ఒక పక్కకు జరిగితే పైలట్ చెవిలో 'టిక్ టిక్' మని చుక్కల్లా వినపడుతుంది. రెండో పక్కకు జరిగితే 'టీ... టీ...' అని గీతల్లా వినపడుతుంది. రెండూ కలిసే సన్నటి దారిలో ఉంటే ఆగకుండా ఒకటే మోత. చీకట్లో పొలం గట్టు మీద నడిచేవాడికి కాలు ఎటు జారినా తెలిసిపోతుంది కదా, అలాగన్నమాట. అనేక దేశాల ప్రయాణికుల విమానాలు దీన్ని వాడుకున్నాయి. అది ప్రాణాలు కాపాడటానికి పుట్టిన యంత్రం.

యుద్ధం రాగానే హిట్లర్ సైన్యం దాన్నే బాంబులు వేయడానికి వాడుకుంది. పెద్ద పెద్ద ఏరియల్స్ కట్టి ఒక కిరణాన్ని డచ్ సరిహద్దు దగ్గరి క్లేవ్ నుంచి, ఇంకొకదాన్ని ఉత్తరాన డెన్మార్క్ సరిహద్దు వైపు నుంచి ఇంగ్లండ్ మీదికి తిప్పారు. విమానం మొదటి కిరణం వెంట వెళ్తుంది. రెండో కిరణం అడ్డం తగిలిన చోట బాంబు వదులుతుంది. కింద ఊరు కనపడాల్సిన పని లేదు. దీనికి 'క్నికెబైన్' అని పేరు పెట్టారు. ఇందులో అసలు తెలివి ఏమిటంటే విమానంలో కొత్త పరికరమేదీ బిగించలేదు. రోజూ దిగడానికి వాడే రిసీవరే సరిపోయింది. కూలిన ఒక హైంకెల్ విమానంలోని రిసీవర్‌ను బ్రిటిష్ ఇంజనీర్లు పరీక్షించి చూస్తే, విమానం దిగడానికి కావలసిన దానికన్నా అది ఎన్నో రెట్లు సున్నితంగా ఉంది. ఇంత సున్నితం ఎందుకు? ఎక్కడో దూరం నుంచి వచ్చేదాన్ని వినడానికే.

ఈ చిక్కుముడి విప్పినవాడు ఆర్.వి.జోన్స్. అప్పటికి వయసు 28 ఏళ్లు. 1940 జూన్ 21న చర్చిల్ ముందు, పెద్ద తలకాయల మధ్య కూర్చుని ఈ కథంతా చెప్పాడు. అంత దూరం భూమి వంపు దాటి ఆ తరంగాలు రావని పేరున్న నిపుణులే వాదించారు. చర్చిల్ మాత్రం కుర్రాడి మాట విన్నాడు. ఆ రాత్రే ఒక చిన్న ఆన్సన్ విమానం రేడియో సెట్టుతో పైకి లేచింది. స్పాల్డింగ్ అనే ఊరి దగ్గర 31.5 మెగాహెర్ట్జ్ మీద సన్నటి కిరణం దొరికింది. వెడల్పు నాలుగైదు వందల గజాలు, అంతే. దాన్ని అడ్డంగా కోసే రెండో కిరణమూ దొరికింది. రెండూ డెర్బీ వైపు చూస్తున్నాయి. బ్రిటన్ యుద్ధ విమానాలకు ప్రాణమైన రోల్స్‌రాయిస్ ఇంజన్లు తయారయ్యేది అక్కడే.

మందు కూడా వెంటనే వెతికారు. మొదట్లో చేతికి దొరికినవి ఆస్పత్రుల్లో ఒంటినొప్పులకు కాపడం పెట్టే విద్యుత్ పరికరాలు! వాటినే మార్చి రేడియో గోల పుట్టించారు. తర్వాత అసలు ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. క్నికెబైన్‌కు 'తలనొప్పి' అని రహస్య పేరు పెట్టుకుని, విరుగుడుకు 'ఆస్పిరిన్' అని పెట్టుకున్నారు. బ్రిటిష్‌వాళ్లు కిరణాన్నే వంచేశారని యుద్ధం తర్వాత కథలు పుట్టాయి. వంచలేదు. జర్మన్ సంకేతంలో అదే రకం సంకేతం కలిపేశారు. వినేవాడికి ఏది ఎవరిదో తెలియకుండా పోయింది.

ఇంతకన్నా మాకు ముఖ్యంగా తోచేది ఇంకొక ఎత్తు. ఫ్రాన్స్ తీరంలో జర్మన్ల రేడియో స్టేషన్లు ఉండేవి. దాడి ముగించుకుని తిరిగొచ్చే విమానాలు వాటిని పట్టుకుని ఇల్లు చేరేవి. బ్రిటిష్‌వాళ్లు ఆ సంకేతాన్ని అందుకుని, అచ్చంగా అదే సంకేతాన్ని తమ గడ్డ మీది నుంచి తిరిగి పంపడం మొదలుపెట్టారు. పైలట్ ముందున్న ముల్లు నమ్మకంగా అబద్ధం వైపు తిరుగుతుంది. 1941 జూలై 24 తెల్లవారుజామున ఒక యూంకర్స్-88 బాంబర్ బర్కెన్‌హెడ్ మీద దాడి చేసి తిరిగి వస్తోంది. బ్రెస్ట్ స్టేషన్‌ను పట్టుకున్నామని లోపలి వాళ్ల నమ్మకం. వాళ్లు పట్టుకున్నది ఇంగ్లండ్‌లో లింప్‌షమ్ నుంచి వస్తున్న నకలు. ఫ్రాన్స్ చేరామనుకుని హాయిగా దిగారు. దిగింది బ్రిస్టల్ పక్కన బ్రాడ్‌ఫీల్డ్ డౌన్‌లో! నేటి బ్రిస్టల్ విమానాశ్రయం అదే చోట ఉంది. చూడండి, ఆ విమానంలో ఏ పరికరమూ చెడిపోలేదు. అన్నీ బాగానే పనిచేశాయి. విన్న మాటే అబద్ధం.

అన్నిసార్లూ బ్రిటన్‌దే పైచేయి అనుకోవద్దు. జర్మన్లు 'ఎక్స్-గెరేట్' అనే మరింత కచ్చితమైన ఏర్పాటు తెచ్చారు. 1940 నవంబరు 14, నిండు వెన్నెల రాత్రి. కోవెంట్రీ నగరం మీద దాడి. దారి చూపే దళం ముందు వెళ్లి నిప్పు బాంబులు వేసింది. వెనక వందల విమానాలు. ఐదు వందల మందికి పైగా జనం చనిపోయారు. జామింగ్ యంత్రాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. కానీ సెకనుకు 2,000 ప్రకంపనల శబ్దం పంపాల్సిన చోట 1,500 పంపాయి. జర్మన్ రిసీవర్‌లోని ఫిల్టర్ ఆ శబ్దాన్ని బయటికి నెట్టేసింది. దీని వెనక ఇంకో కథ ఉంది, వింటే కడుపు మండుతుంది. ఆ దాడికి ఎనిమిది రోజుల ముందే, అదే దళానికి చెందిన ఒక హైంకెల్ దారి తప్పి ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వెస్ట్ బే అనే చోట నీళ్లలో పడింది. పరికరాలు లోపలే ఉన్నాయి. మాదంటే మాదని సైన్యం, నౌకాదళం తగువులాడుకున్నాయి. లాగబోతే విమానం లోతు నీళ్లలోకి పోయింది. చివరికి ఉప్పునీళ్లు, ఇసుక నిండిన పెట్టెలు నిపుణుల చేతికొచ్చాయి. ఆ 2,000 అంకె వాటిలోనే ఉంది. అది సరిచేసేలోపు కోవెంట్రీ కాలిపోయింది. వెన్నెల రాత్రి కాబట్టి జామింగ్ సరిగ్గా ఉన్నా ఊరు దక్కేదో లేదో. అయినా ఆఫీసుల మధ్య తగువులకు జనం ఎంత ధర కడతారో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

మూడో రకం 'వై-గెరేట్'. నేల మీది స్టేషన్ సంకేతం పంపితే విమానం దాన్ని తిరిగి పంపాలి. ఎంత ఆలస్యంగా వచ్చిందో లెక్కగట్టి దూరం తేలుస్తారు. లండన్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్ మీద బీబీసీ వారి టీవీ ట్రాన్స్‌మిటర్ యుద్ధం మొదలైనప్పటి నుంచి ఖాళీగా పడి ఉంది. 1941లో దాన్ని లేపి, విమానం బదులు అదే జవాబు పంపడం మొదలుపెట్టారు. లెక్కలన్నీ తప్పాయి. మొదట్లో కావాలనే తక్కువ శక్తితో పంపారు, లోపం తమ సొంత పరికరంలోనే ఉందని శత్రువు అనుకోవాలని. అలాగే జరిగింది. పైనున్నవాడు కిందివాడిని, కిందివాడు పైనున్నవాడిని తప్పుపట్టుకోవడం బ్రిటిష్‌వాళ్లు చెవులారా విన్నారు. ఒకసారి నమ్మకం పోయాక నిజమైన సంకేతం వచ్చినా పనికిరాదు.

బ్రిటన్ విమానాల సంగతేమిటంటారా? యుద్ధం మొదటి రెండేళ్లు నక్షత్రాలు, దిక్సూచి, అంచనా. 1941 ఆగస్టులో బట్ అనే అధికారి ఫొటోలన్నీ ముందేసుకుని లెక్క తీస్తే, లక్ష్యం మీద దాడి చేశామని చెప్పుకున్న విమానాల్లో మూడింట ఒక వంతే ఐదు మైళ్ల దగ్గరికి చేరాయని తేలింది. అప్పుడు 'జీ' అనే పద్ధతి వచ్చింది. వేర్వేరు స్టేషన్ల నుంచి వచ్చే సంకేతాల మధ్య కాలం తేడాను కొలిచి ఎక్కడున్నదీ తెలుసుకోవడం. 1942 మార్చి నుంచి పెద్ద ఎత్తున వాడారు. అదే ఏడు జర్మన్లు దాన్ని జామ్ చేశారు. ఇదే సూత్రం మీద అమెరికా 'లోరాన్' కట్టింది. సంకేతం వచ్చిన కాలాన్ని కొలవడమనే అదే లెక్క చివరికి ఉపగ్రహాలెక్కి మన సెల్‌ఫోన్‌లోని జీపీఎస్ అయింది. ఇక లోరెంజ్ వారి చుక్కలు, గీతల మనవడు నేటి ఐఎల్ఎస్. మబ్బులో రన్‌వే మీదికి విమానాన్ని నడిపించేది అదే.

1983 సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ తర్వాతే జీపీఎస్‌ను అందరికీ ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. మంచి పనే. కానీ మంచిది, ఉచితంగా వచ్చేది దొరికితే పాతవాటి మీద మోజు పోతుంది కదా. అమెరికా 2010లో లోరాన్ స్టేషన్లు మూసేసింది. బ్రిటన్‌లో, పక్క దేశాల్లో లోరాన్‌తో దారి చూపే సేవ 2015 చివర ఆగిపోయింది. నేల మీద ఉండి దిక్కు చెప్పే వీఓఆర్ స్టేషన్లనూ చాలా దేశాలు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వచ్చాయి. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం భూమి చేరేసరికి ఎంత బలహీనమో ఇంజనీర్లందరికీ తెలుసు. పక్కన గట్టిగా అరిచేవాడు ఉంటే దాని గొంతు వినపడదు.

2023 సెప్టెంబరులో ఇరాక్, ఇరాన్ సరిహద్దు మీదుగా పోయే విమానాలకు నకిలీ జీపీఎస్ సంకేతాలు తగిలాయి. బాగ్దాద్ ప్రాంతంలో ఒక బోయింగ్ 777 సిబ్బంది ఇప్పుడు టైమెంత, మేమెక్కడున్నాం అని కంట్రోలర్‌ను అడగాల్సి వచ్చింది. నాలుగు పరికరాలు ఒకదాన్నొకటి సరిచూసుకునేలా కట్టిన విమానంలో జీపీఎస్ అబద్ధమాడితే మిగతావీ దాని వెంట పోతున్నాయి. నేల తగులుతోంది, పైకి లేపండి అని హెచ్చరిక యంత్రం ఊరికే అరుస్తోంది. నాన్నా పులి కథ మనకు తెలిసిందే. నిజంగా కొండ అడ్డొచ్చిన రోజు పైలట్ ఆ అరుపును నమ్ముతాడా? 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధమప్పుడు హోర్ముజ్ జలసంధిలో వందల ఓడలకు తామెక్కడున్నదీ తప్పుగా చూపించింది. ఆ ఓడల మీద పనిచేసేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు.

ఇది యుద్ధం జరిగే చోటి గొడవ, మనూళ్లో ఏముంది అనుకోవడానికీ లేదు. 2025 నవంబరులో ఢిల్లీలో జీపీఎస్ ఆధారంగా దిగుతున్న విమానాలకు తప్పుడు సంకేతాలు వచ్చాయి. పార్లమెంటుకిచ్చిన సమాధానంలో పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు దీన్ని ఒప్పుకున్నారు. హైదరాబాద్ సహా మరికొన్ని విమానాశ్రయాల నుంచీ ఫిర్యాదులు వచ్చాయని చెప్పారు. ఢిల్లీలో పాత పద్ధతి సాధనాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది రాలేదని కూడా ఆ సమాధానంలోనే ఉంది. నేల మీది పాత సాధనాలను కనీస సంఖ్యలోనైనా అట్టిపెడుతున్నామన్నారు. మంచిది. ఆ 'కనీసం' ఎంత, ఏ ఊళ్లలో, వాటి మరమ్మతుకు ఏటా డబ్బు ఇస్తున్నారా లేదా అన్నది అడుగుతూ ఉండాలి. కొత్త టెర్మినల్ కడితే రిబ్బను కత్తిరించడానికి నాయకులు వస్తారు. వీఓఆర్ స్టేషన్‌కు రంగు వేయిస్తే ఎవరూ రారు.

ఖర్చు దండగ అనేవాళ్లున్నారు. రోజూ వాడని యంత్రానికి కరెంటు, జీతాలు, స్థలం ఎందుకంటారు. ఆ వాదనలో పస లేకపోలేదు, అన్నీ ఉంచమని మేమూ అనం. కానీ 1941లో ఆ బాంబర్‌లోని వాళ్లు ఒక్క సంకేతాన్నే నమ్మి శత్రువు ఇంట్లో దిగారు. రెండో సాక్షి ఉండి ఉంటే దిగేవాళ్లు కాదు. పైలట్లకు కూడా పాత పద్ధతిలో నడిపే సాధన తప్పకుండా ఉండాలి. సిమ్యులేటర్ గంటలు కోసి పైసలు మిగుల్చుకునే కంపెనీ ఏదైనా ఉంటే దాని టికెట్ చౌకగా రావడంలో వింతేమీ లేదు.

ఇక మనకు తక్షణం కావలసింది ఒకటుంది. విమానాన్ని మళ్లించినా, గంటలకొద్దీ ఆపినా 'సాంకేతిక కారణాలు' అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటారు. లీవు మీద వెళ్లి తిరిగొచ్చే కార్మికుడికి ఆ ఆలస్యం ఒక రోజు జీతం కోత కావచ్చు, రీ-ఎంట్రీ వీసా గడువు దాటడం కావచ్చు. కంపెనీలో సూపర్‌వైజర్‌కు, కఫీల్‌కు నోటిమాట పనికిరాదు. ఆలస్యం ఎన్ని గంటలో, ఎందుకో రాసి ముద్ర వేసిన కాగితం ఇవ్వాలి. అడిగితే ఇచ్చే విమాన కంపెనీలు ఉన్నాయి. అడగొచ్చని తెలిసినవాళ్లే మనలో తక్కువ. ఈసారి ఆలస్యమైతే బోర్డింగ్ పాస్ పారేయకుండా కౌంటర్ దగ్గర ఆ కాగితం అడిగి తీసుకోండి.