గార తీయిస్తే పళ్లు కదులుతాయా?

వేలికి చిన్న గాటు పడితే వెంటనే పసుపు అద్దుతాం, టీటీ ఇంజక్షన్ కోసం ఆసుపత్రికి వస్తాం. అదే పొద్దున పళ్లు తోముకునేటప్పుడు నురగలో నెత్తురు కనిపిస్తే పుక్కిలించి ఉమ్మేసి, కాఫీకి వెళ్లిపోతాం. పూతలపట్టు లాంటి చోట ఓపీ చూసే నాకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. షుగర్ రిపోర్టులన్నీ ఫైల్లో వరసగా పెట్టుకుని వచ్చే పెద్దవాళ్లు కూడా చిగుళ్ల మాట తమంతట తాము ఎత్తరు. అడిగితే "అది మామూలే కదా సార్" అంటారు. తప్పంతా వాళ్లదే అనలేను. మేమూ నాలుక చూస్తాం, గొంతు చూస్తాం, చిగుళ్లు చూడకుండానే నోరు మూయమంటాం.

అది మామూలు కాదు. ఆరోగ్యంగా ఉన్న చిగురు బ్రష్ తగిలినంత మాత్రాన నెత్తురు కార్చదు. కారుతోందంటే అక్కడ వాపు ఉన్నట్టే. ఆ వాపుకు కారణం పాచి, అంటే సూక్ష్మక్రిములతో నిండిన మెత్తటి పొర. 1965లో డెన్మార్క్‌లో ఒక ప్రయోగం కోసం 12 మంది ఆరోగ్యవంతులను పళ్లు తోముకోవడం మానేయమన్నారు. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే మామూలయ్యాయి. అంటే పాచి సంగతి మన చేతిలోనే ఉంది.

మన చేతిలో లేనిది గార. వదిలేసిన పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి కొద్ది రోజుల్లోనే రాయిలా గట్టిపడుతుంది. కింది ముందుపళ్ల వెనక నాలుకతో తడిమి చూడండి. గరుకుగా తగిలితే గార పట్టి ఉండొచ్చు. లాలాజలం అక్కడే ఎక్కువగా ఊరుతుంది కాబట్టి ముందు పేరుకునేదీ అక్కడే. ఏ పేస్టూ, పళ్లపొడీ, వేపపుల్లా దాన్ని ఊడదీయలేవు. బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దితే అరిగేది గార కాదు, పంటి పైపొర. గార పోవాలంటే దంతవైద్యులు స్కేలింగ్ చేయాల్సిందే.

ఇక్కడే చాలామంది వెనకడుగు వేస్తారు. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయట, సందులు పడతాయట" అని అడుగుతారు. ఈ మాట ఊరికే పుట్టలేదు. చిగుళ్ల జబ్బు ముదిరితే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. పన్ను అప్పటికే వదులై ఉంటుంది. చుట్టూ పేరుకున్న గార పళ్లన్నిటినీ కలిపి కట్టేసినట్టు ఉంచుతుంది. అది తీయగానే ఆ వదులు బయటపడుతుంది. గార నిండిన సందు ఖాళీ అవుతుంది, చిగురు వాపు తగ్గి పన్ను పొడవైనట్టు తోస్తుంది. నిందేమో క్లీనింగ్ మీద పడుతుంది. స్కేలర్ కొన నీళ్లు చిమ్ముతూ, సెకనుకు వేలసార్లు కంపిస్తూ గారను పెచ్చులుగా రాలుస్తుంది. సరిగ్గా చేస్తే పంటికి హాని ఉండదు. కొన్నాళ్లు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, తర్వాత తగ్గిపోతుంది.

షుగర్ ఉన్నవారికి ఇది పళ్లకే పరిమితమైన విషయం కాదు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ ఒక పట్టాన లొంగదు. చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేసే చికిత్స తీసుకున్న మధుమేహుల్లో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం మేర తగ్గినట్టు 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష చెబుతోంది. ఇది మాత్రలు మానేయడానికి కాదు, ఆ మాత్రలకు తోడుగా.

ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి? ఆరు నెలలన్నది అందరికీ వర్తించే లెక్క కాదు. చక్కగా తోముకుంటూ చిగుళ్లు బాగున్నవారికి అంత తరచుగా అక్కర్లేకపోవచ్చు. షుగర్ ఉన్నవారికి, పొగతాగేవారికి, వక్కాకు, పొగాకు నమిలేవారికి ఇంకా ముందే అవసరం పడొచ్చు. పొగతాగేవారి చిగుళ్లలో జబ్బు ఉన్నా నెత్తురు అంతగా కనిపించదు. కాబట్టి నెత్తురు రావట్లేదని ధీమా పడొద్దు. పళ్లను తెల్లగా మెరిపించడానికే క్లీనింగ్ అనుకుని వెళ్లేవారికీ ఒక మాట. అది వేరే చికిత్స. ఫ్లోరైడ్ మచ్చలు స్కేలింగ్‌తో పోవు.

గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారు ఆ విషయం దంతవైద్యులకు ముందే చెప్పాలి. వారికి స్కేలింగ్‌కు ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు కూడా చెప్పాలి. ఆ మందులను సొంతంగా మాత్రం ఆపొద్దు.

ఖర్చుకు వెనకాడేవారు ప్రభుత్వ దంతవైద్యుల దగ్గరకు వెళ్లండి. తిరుపతి రుయాలో దంత విభాగం ఉంది, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. అయితే చిగుళ్లు చూపించుకోవడానికి పూతలపట్టు నుంచి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకుని ఎందరు వెళ్తారు? షుగర్, బీపీ చూసే చోటే చిగుళ్లూ చూసే ఏర్పాటు పల్లె ఆసుపత్రుల దాకా రావాలి. అది వచ్చేదాకా, ఈసారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు "నా చిగుళ్లు కూడా ఒకసారి చూడండి" అని మీ డాక్టర్‌ను మీరే అడగండి. మేం మరిచిపోతే గుర్తుచేయండి.