గొలుసు పట్టుకున్నోడిదే ధర

వ్యాపార పాఠాలు చెప్పేటోళ్లు దీన్ని సప్లై చైన్ అంటరు. సరుకు ఎక్కడ పుట్టింది, ఎవరి గోదాములో ఆగింది, పైసలు ఎప్పుడు చేతులు మారినయి, ఇదంతా ఒక గొలుసు. గొలుసు పట్టుకున్నోడే పోటీలో గెలుస్తడని సూత్రం. నిజమే. మరి మన దగ్గర పట్టుకున్నదెవరు?

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు హైబ్రిడ్ పత్తి విత్తనంలో దేశమంతా పేరున్నది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ ఒలిచి పుప్పొడి తిత్తులు తీసెయ్యాలె. తెల్లారి మగ పువ్వు తెచ్చి రుద్దాలె. ఒక్కొక్క పువ్వుకూ ఇదే పని, వారాల తరబడి. కంపెనీల వ్యాపారం గద్వాల కూలీల ఈ వేళ్ల మీదనే నిలబడ్డది.

అయితే రైతుకు కంపెనీ కనబడదు. కనబడేది సబ్ ఆర్గనైజర్, ఆయన మీద ఆర్గనైజర్. మూల విత్తనం ఇచ్చేది వాళ్లే, పెట్టుబడికి అప్పు ఇచ్చేది వాళ్లే, పంట ఎత్తుకపోయేదీ వాళ్లే.

వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లి రైతుకు కష్టాలు తక్కువేం లేవు. అయినా ఆయన బస్తాలు మార్కెట్ యార్డులో దించుతడు. ఎంత పలికిందో తెలుస్తది. నచ్చకుంటే ఇంకో యార్డు చూసుకుంటడు. సీడ్ పత్తికి యార్డే లేదు. మూల విత్తనం కంపెనీది కాబట్టి ఇంకొకరికి అమ్మే దారి లేదు. జిన్నింగ్ అయినంక గింజల నమూనా జీవోటీ పరీక్షకు పోతది. గింజ నాటి, మొక్క ఎదిగినంక స్వచ్ఛత లెక్కగడతరు. నెలలు పడతది. అప్పటిదాకా పైసలు ఆగుతయి, వడ్డీ మాత్రం ఆగదు. ఫెయిలైందంటే నష్టం రైతుదే.

కేంద్రం 2015 డిసెంబర్‌లో పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2025 సీజన్‌కు 475 గ్రాముల బీజీ-2 ప్యాకెట్‌కు 901 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అంటే గొలుసు చివర ధర గెజిట్‌కెక్కింది. గొలుసు మొదట్లో ధర ఆర్గనైజర్ నోటిమాటగానే మిగిలింది. 1966 విత్తన చట్టం కొనేటోడికి నాణ్యత ఉండాలంటది. పండించేటోడి పైసల ఊసెత్తదు.

2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలైనయి. దళారి కుర్చీ మాత్రం కదల్లేదు. జెండాలు మోసిన మనం అడగకుంటే ఎవరడుగుతరు?

మనవి గొంతెమ్మ కోరికలు కావు. విత్తనం నాటకముందే కంపెనీ, ఆర్గనైజర్, రైతు ముగ్గురి సంతకాలతో తెలుగులో ఒప్పంద కాగితం కావాలె. ధర, గడువు, వడ్డీ అందులో ఉండాలె. జీవోటీ నమూనాలో ఒక పాలు సీలు వేసి రైతుకివ్వాలె. అనుమానమొస్తే సర్కారు మళ్లీ పరీక్ష చెయ్యాలె. గింజ తూకమైన రోజే కొంత పైకం చేతిలో పడాలె.

విత్తనం కంపెనీది కావచ్చు, చేతులు మనవి. వచ్చే సీజన్ మొగ్గ ఒలవకముందే ఊరూరా కూసొని ఈ కాగితం సంగతి తేల్చుకుందాం.