ఆన్ కాకపోతే అంతా అయిపోయినట్టేనా?

మిక్సీ తిరక్కపోతే మనం ఏం చేస్తాం? జార్ సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాం. తిరగేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. పొయ్యి మండకపోతే సిలిండర్ దగ్గరికెళ్ళి రెగ్యులేటర్ చూస్తాం, బర్నర్ రంధ్రాలు పిన్నీసుతో పొడుస్తాం. కుక్కర్ కూత వెయ్యకపోతే గాస్కెట్ తీసి చన్నీళ్ళలో వేస్తాం. ఇవన్నీ మనకెవరూ తరగతులు పెట్టి నేర్పలేదు. రోజూ వాడే వస్తువు కాబట్టి దాని ఒంటి తీరు మనకి తెలిసిపోయింది, అంతే.

మరి లాప్‌టాప్ ఆన్ కాకపోతే? చేతులు వెనక్కి తీసేసుకుంటాం. ‘‘ఆయన్ని రానీ’’ అంటాం, ‘‘బాబు కాలేజీ నుంచి వచ్చాక చూస్తాడు’’ అంటాం. అదేదో మనం ముట్టుకుంటే మైలపడే వస్తువైనట్టు!

2020లో కరోనా వచ్చి పిల్లల చదువులు ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి లాప్‌టాప్ కూడా మిక్సీ, గ్రైండర్లలాగా ఇంటి వస్తువైపోయింది. ఇంటి లెక్కలు అందులోనే, పెళ్ళి ఫొటోలు అందులోనే, ట్యూషన్ చెప్పుకునే వాళ్ళ నోట్సు అందులోనే. నా కథలూ అందులోనే. అలాంటి వస్తువు ఒక ఉదయం నల్లమొహం వేసుక్కూర్చుంటే గాభరా పడటం సహజమే. కానీ ఆ గాభరాలోనే మన డబ్బు, మన గుట్టు రెండూ చేయిదాటిపోతాయి.

మా పక్క ఫ్లాటు ఆవిడ సంగతే చూడండి. ఆన్ కావడంలేదని ఒక షాపుకి తీసుకెళితే, మూత కూడా తెరవకుండానే ‘‘మదర్‌బోర్డు పోయింది మేడమ్, తొమ్మిది వేలవుతుంది’’ అన్నారట. పైగా ‘‘పాస్‌వర్డ్ ఈ కాగితం మీద రాసివ్వండి’’ అని కూడా అడిగారు. ఎందుకో అనుమానమొచ్చి ఆవిడ ఇంకోచోట చూపిస్తే తేలిందేమిటంటే, చార్జర్ వైరు పిన్ను దగ్గర లోపల తెగింది! వేరే చార్జర్ పెట్టగానే అది లేచి కూర్చుంది.

షాపులవాళ్ళందరూ అలాంటివాళ్ళని నేననను. మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు... అలాంటి చోట్ల కంపెనీలు ‘ఇక పారేయండి’ అన్న యంత్రాలకి కూడా ప్రాణం పోసే పనిమంతులుంటారు. కానీ ఎంత మంచి డాక్టరైనా ‘‘జ్వరం ఎప్పట్నుంచి? దగ్గుందా?’’ అని అడుగుతాడు కదా! ఆ మాత్రం జవాబు చెప్పగలిగితే మనల్ని బోల్తా కొట్టించడం ఎవరికీ అంత తేలిక కాదు.

అసలు ‘ఆన్ కావడంలేదు’ అనేది ఒక జబ్బు కాదు, మూడు జబ్బులు.

మొదటిది: లైటు లేదు, చప్పుడు లేదు. అంటే లోపలికి కరెంటే చేరడంలేదన్నమాట. ఆ సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వదిలేసి నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. వైరు పిన్ను దగ్గర నలిగిందేమో చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటే అరగంట చార్జింగ్‌లో ఉంచాక గానీ లేవదు. అప్పటికీ కాకపోతే చార్జర్ తీసేయండి, బ్యాటరీ ఊడి వచ్చే రకమైతే అదీ తీసేయండి. పవర్ బటన్‌ని ఓ ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకుని వదిలి, మళ్ళీ చార్జర్ పెట్టి ఆన్ చెయ్యండి. లోపల మిగిలిపోయిన కరెంటు వల్ల బిగుసుకుపోయిన యంత్రాలు చాలాసార్లు దీంతో లేస్తాయి.

ఇంకొకరి చార్జర్ తెచ్చి పెట్టేముందు దాని మీది అక్షరాలు చదవండి. ఓల్టులు మన చార్జర్ మీద ఉన్నన్నే ఉండాలి. ఆంపియర్లు అంతేగానీ, ఎక్కువగానీ ఉండాలి, తక్కువ ఉండకూడదు. సి టైపు పిన్ను వాటికి ఫోన్ చార్జర్ దూరుతుంది గానీ, 45 వాట్లో 65 వాట్లో కావలసిన యంత్రానికి ఆ బలం చాలకపోవచ్చు.

రెండోది: లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. క్యాప్స్‌లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? అయితే యంత్రం మేలుకునే ఉంది, తెరకే జబ్బు. టార్చి ఏటవాలుగా వేసి చూస్తే బొమ్మ మసకగా కనబడొచ్చు. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలిస్తే సంగతి ఇంకా బాగా తేలిపోతుంది. అలాకాక బీప్ బీప్‌మంటుంటే ఎన్నిసార్లో లెక్కపెట్టి షాపులో చెప్పండి. అది ర్యామ్ తాలూకు గోల కావచ్చు. ర్యామ్ ఊడదీసే రకమైతే తీసి, తుడిచి, మళ్ళీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

మూడోది: కంపెనీ గుర్తు వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఇది కరెంటు సంగతి కానేకాదు. పెన్‌డ్రైవ్, ప్రింటర్ వైర్లు పీకేసి మళ్ళీ ఆన్ చేసి చూడండి. అప్పటికీ అంతే అయితే డిస్కులోనో, విండోస్‌లోనో తేడా ఉన్నట్టు.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయండోయ్! అడుగు ఉబ్బినట్టో, కీబోర్డు పైకి లేచినట్టో అనిపిస్తే లోపలి బ్యాటరీ ఉబ్బిందని అర్థం. చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి. నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కాఫీ ఒలికితే వెంటనే ఆపేసి, వైరు తీసేసి, మళ్ళీ ఆన్ చెయ్యకుండానే షాపుకి తీసుకెళ్ళండి.

ఇక అసలు మాట. లాప్‌టాప్ లేవనంత మాత్రాన అందులోవి పోయినట్టు కాదు. మన ఫొటోలూ ఫైళ్ళూ ఉండేది డిస్కులో. కరెంటు వ్యవహారం పాడైనా డిస్కు మామూలుగా క్షేమంగానే ఉంటుంది. అందుకే అది ఎవరి చేతిలో పడుతుందన్నది మనం ఆలోచించుకోవాలి. కరెంటు జబ్బు బాగుచెయ్యడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు! పాస్‌వర్డ్ అడిగే తెర కనిపించిందంటే యంత్రం ఆన్ అయినట్టే కదా? ఆ తర్వాత మన చేత్తో మనమే టైపు చేసి చూసుకోవచ్చు. డిస్కు ఊడి వచ్చే రకమైతే, మన ఎదుటే తీయించి ఇంట్లో పెట్టుకుని మిగతాది ఇవ్వచ్చు. అమ్మాయిల ఫొటోలున్న యంత్రాన్ని పాస్‌వర్డ్‌తో సహా తెలియనివాళ్ళకి అప్పగించి ‘సాయంత్రం వస్తాం’ అని వచ్చేయడం, బీరువా తాళాలు ఇచ్చి ఊరెళ్ళడం లాంటిది.

ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మనండి. బిల్లు అడగండి. కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జులైలో ‘మరమ్మతు హక్కు’ కోసం ఒక కమిటీ వేసి, ఆ డిసెంబర్ 24న అందుకోసం ఒక వెబ్‌సైటు తెరిచింది. వినియోగదారుల ఫిర్యాదులకి 1915 నంబరు ఉంది. చేతిలో బిల్లుంటేనే ఆ నంబరుకి చెప్పుకోవడానికి మనకి ఆధారం.

‘‘ఇవన్నీ ఆడవాళ్ళకెందుకమ్మా?’’ అనేవాళ్ళుంటారు. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోమని నేననడంలేదు. థర్మామీటర్ చూడటం వచ్చినంత మాత్రాన మనం డాక్టర్లం అయిపోతామా? కాము. కానీ డాక్టరుకి ఏం చెప్పాలో తెలుస్తుంది. షాపుకి మగపిల్లాణ్ణే పంపే అలవాటు వల్ల ఆ తెలివి వాడి దగ్గరే ఉండిపోతోంది. ఈసారి అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. విప్పుతుంటే పక్కనే నిలబడి చూడనివ్వండి. అడగాలనిపించింది అడగనివ్వండి.

ముందుగా ఒక చిన్న పని. ఈవేళ వంటపని అయ్యాక మీ చార్జర్ చేతిలోకి తీసుకుని, దాని మీది సన్న అక్షరాలు చదివి, ఆ ఓల్టులూ ఆంపియర్లూ పాల లెక్క రాసుకునే పుస్తకంలో రాసిపెట్టుకోండి.