చెరువు కట్టమీద మేము, మా కుక్కలు, ఒక పెండ్లి గుర్రం



స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక పల్లెనుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము నెల దినములుగా మా బల్లమీద ఉన్నది. "అయ్యగారూ, మా పిల్లలిద్దరూ కుక్కపిల్ల కావాలని రోజూ ఏడుస్తున్నారు. వాళ్ళ నాన్నేమో కుక్క గడప లోపలికి వస్తే నేను గడప బయటికి పోతానంటున్నారు. సెలవులంతా ఫోన్లు పట్టుకొని మూలకు కూర్చునే పిల్లలు, కుక్కను తీసుకొని నాలుగడుగులు నడిస్తే మేలు కాదా? మీ యింట్లో కుక్కలున్నవని విన్నాము. ఏం చేయమంటారు?" అని ఆమె అడిగినారు.

మా యింట్లో రెండు కుక్కలున్న మాట నిజమే. జనగామలో సాయంకాలము మేము చెరువు కట్టమీద నడచునప్పుడు వాటితో కూడ ఒక గుర్రము కూడ నడచుచున్నది. అయితే గుర్రము మాది కాదు. పాస్టరు జీతముతో గుర్రమును పోషించిన వారెవరును ఇంతవరకు మాకు కనబడలేదు.

ఆ సహోదరుని మాటను మేము తేలికగా తీసివేయము. కుక్క అనగానే మన సంఘములలో చాలామందికి అపవిత్రమైన జంతువని మనస్సులో ఉన్నది. లేఖనములలో కుక్కకు మంచి పేరు తక్కువే. ధనవంతుని వాకిట పడియున్న లాజరు దగ్గరకు మాత్రము మనుష్యులకంటె ముందు కుక్కలే వచ్చినవి. ఆ సంగతి ఇంకొక నెల మాట్లాడుకొందము. ఆయన భయము వేరొకటై యుండవచ్చును. ఆ భయము ఎంత న్యాయమైనదో మేము భూపాలపల్లిలో అనుభవముతో నేర్చుకొన్నాము.

అంతకు ముందు మేము మానుకోటలో ఉంటిమి. మహబూబాబాదు అని బోర్డుమీద వ్రాసినను మానుకోట అంటేనే అక్కడివారికి తృప్తి. మేము వెళ్ళిన నాటికి అది వరంగల్ జిల్లాయే. 2016 అక్టోబరులో గదా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైనవి. దగ్గరలోనే డోర్నకల్. 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు 1945లో కన్నుమూయు వరకు ఆ చిన్న రైల్వే జంక్షనునుండియే పల్లెపల్లెకు ఎడ్లబండిమీద తిరిగినారు. మేమైతే మోటారు సైకిలుమీద తిరిగినాము, అందుకే త్రోవలో ఏమియు చూడలేదు. చూచుట మాకు నేర్పినది ఒక కుక్క.

దానిని ఇచ్చినవాడు ఒక గొర్రెల కాపరి. గొంగడి మడతలో నెలన్నర పిల్లను పెట్టుకొని వచ్చినాడు. మేము దానికి గొలుసు కొని వేపచెట్టుకు కట్టినాము. అది పగలు రాత్రి మొరిగెను. చుట్టుప్రక్కల వారు ఫిర్యాదు చేసినారు. మరల అతడు వచ్చినప్పుడు చూచి, "అయ్యగారు, కట్టేస్తే అది మొరుగుడే నేర్తది. మందతోని తిప్పుండ్రి, మనిషిని నేర్తది" అన్నాడు. మాకు మంద లేదు గదా అంటిమి. "మీ పిల్లలు లేరా?" అన్నాడు.

ఆనాటినుండి తెల్లవారుజామున 5 గంటలకు పిల్లలను లేపి నడిపించుట మొదలైనది. మానుకోట చుట్టును లంబాడీ తండాలు. వారి పూర్వులు ఎద్దులమీద ఉప్పు, ధాన్యము వేసికొని దేశములు తిరిగిన కాలములో రాత్రి విడిదికి కావలి కాచినవి కుక్కలే. తండా దగ్గరికి పోగానే పది కుక్కలు ఎదురు వచ్చును. పరుగెత్తకూడదు, కళ్ళలోకి చూడకూడదు, కర్ర ఎత్తకూడదు, ప్రక్కకు తిరిగి మెల్లగా నడచి పోవలెను. ఇది మా పిల్లలు బడిలో నేర్వలేదు, తండా పిల్లల దగ్గర నేర్చినారు.

ఇక భూపాలపల్లి సంగతి. 2017లో అక్కడికి మారినాము. అప్పటికి ఆ మొదటి కుక్క ముసలిదై చనిపోయినది. సింగరేణి క్వార్టర్లలో ఉండే ఒక కుటుంబమువారు మోతీ అను ఆడ కుక్కపిల్లను ఇచ్చినారు. పిల్లకు మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించవలెను, ఆ తరువాత ఏటేటా వేయించవలెను. ఇది మేము ఎరుగుదుము. కాని ఆ నెల కన్వెన్షను కూటములు. తరువాతి నెల వానలు. అటు తరువాత మరచితిమి. ఎనిమిది నెలల కుక్కకు ఒక్క సూదియు పడలేదు.

ఒక ఆదివారము సాయంకాలము ఆరాధన ముగిసిన తరువాత కుటుంబమంతా గణపురము చెరువు కట్టకు పోతిమి. కాకతీయుల నాటి పెద్ద చెరువు. గాలి చల్లగా ఉండెను. త్రాడు మా చిన్నవాని చేతిలో ఉండెను, వానికప్పుడు ఎనిమిదేండ్లు. చేపలు పట్టేవారి పిల్లవాడొకడు, వీని యీడువాడే, పరక చేపల గుత్తి పట్టుకొని వెనుకనుండి ఉరికి వచ్చినాడు. మోతీ తిరిగి వాని పిక్క పట్టినది. అంతయు ఒక్క క్షణములో జరిగినది. రక్తము కారుచున్నది.

పిల్లవాని తల్లి గుడిసెలోనుండి కారము, సున్నము పట్టుకొని వచ్చినది. మా శ్రీమతి ఆమె చేయి పట్టుకొని ఆపినది. కట్ట క్రింది కిరాణా కొట్టునుండి స్నానపు సబ్బు తెప్పించి, చేతిపంపు దగ్గర వాని కాలు పెట్టి, గడియారము చూచి 15 నిమిషములు కడిగినది. పిల్లవాడు ఏడ్చినను వదలలేదు. ఆ రోగపు వైరసుకు పైన క్రొవ్వు పొర ఉండును, సబ్బు నురుగు దానిని కరగించును. కారము, సున్నము, పసుపు, పసరు ఇవన్నియు గాయమును ఇంకను రేపును గాని వైరసును చంపవు. కట్టు గట్టిగా కట్టరాదు, కుట్లు వేయించుటకు తొందరపడరాదు. ఈ సంగతులు ఆమె పెండ్లికి ముందు నర్సింగు చదివినది గనుక ఎరుగును. మేము అప్పుడు చేసినది చేతులు నలుపుకొనుట ఒక్కటే.

ఆసుపత్రిలో మొదటి సూది వేసినారు. గాయము లోతుగా ఉన్నందున గాయములోనే వేయవలసిన సీరము కొరకు రాత్రికి రాత్రి వరంగల్ పంపినారు. తరువాత మూడవ దినమున, ఏడవ దినమున, ఇంకను డాక్టరు వ్రాసిన దినములన్నిటిలో సూదులు తప్పకుండ వేయించినాము. మన పెద్దలు బొడ్డు చుట్టు వేసిన పదునాలుగు సూదులను తలచుకొని ఇప్పటికిని జడియుదురు. ఆ మందును మన దేశములో ఇరువది యేండ్ల క్రిందటే ఆపివేసినారు. ఇప్పటిది భుజమునకు వేసే మామూలు సూది. 1885 జూలై 6న ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చరుగారు జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదట ఈ టీకా వేయించినారు. దానికి ముందు పిచ్చికుక్క గాటుకు ఇనుము కాల్చి వాత పెట్టేవారు. ఒకసారి రోగలక్షణములు కనబడిన తరువాత బ్రదికినవారు లోకమంతటిలో వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. అందుకే ఆ 15 నిమిషములు, ఆ మొదటి సూది.

ఆ రాత్రి సంఘపెద్ద ఒకరు వచ్చి, "అయ్యగారూ, మాట బయటికి పోకముందే కుక్కను అడవిలో వదిలేసి రండి" అన్నారు. దాచుట ఎందుకు? ఆ ఆలోచన మాకును వచ్చినది. కాని డాక్టరు చెప్పినది వేరు. కరచిన కుక్కను పది దినములు కట్టి చూడవలెను. కరచిననాడు దాని ఉమ్మిలో వైరసు ఉండిన యెడల పది దినములలో అది జబ్బుపడును, లేక చచ్చును. పది దినములు దాటి ఆరోగ్యముగా ఉంటే పిల్లవానికి భయము లేదు. కుక్కను వదలినచో ఆ తల్లికి ఆ నిశ్చయము ఎన్నడును దొరకదు.

ఆమె ప్రతి ఉదయము వచ్చినది. గణపురమునుండి మొదటి ఆటోలో వచ్చి, గేటు బయట నిలిచి, లోపలికి రమ్మన్నను రాక, "తిన్నదా?" అని అడిగేది. తిన్నదమ్మా అనేవాళ్ళము. మోతీ లేచి తోక ఆడించువరకు చూచి వెళ్ళేది. మమ్మును ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని మాకు అనిపించినది. తరువాతి ఆదివారము ఆరాధనలో నిలువబడి, టీకా వేయించనిది మేమే, తప్పు మాదే అని చెప్పుకొన్నాము. పదకొండవ నాడు ఆమె రాలేదు. పిల్లవాడే వాళ్ళ నాన్న సైకిలుమీద వచ్చి, గేటు సందులోనుండి రెండు పరక చేపలు లోపలికి విసిరి, వెనుకకు ఉరికినాడు.

అందుచేత ఓ సహోదరీ, కుక్కపిల్లకంటె ముందు టీకా కార్డు సంపాదించుడి. మండలములోని పశువుల ఆసుపత్రిలో వేయుదురు. జూలై 6న, సెప్టెంబరు 28న చాలాచోట్ల ఉచితముగానే వేయుదురు. పదేండ్లు నిండని పిల్లల చేతికి త్రాడు ఒంటరిగా ఇవ్వకుడి. ఈ మాట మీ ఆయనకు చదివి వినిపించుడి.

భూపాలపల్లిలో ఇంకొక సంగతియు నేర్చినాము. యౌవనస్థులతో పాండవుల గుట్టలకు పోయినప్పుడు మోతీని వెంట తీసుకొని పోలేదు. చిరుతపులికి కుక్క మాంసము ఇష్టమని అడవివారు చెప్పుదురు, అది ఒక కారణము. మన కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను రోగము అడవి జంతువులకు అంటుట ఇంకొక కారణము. 2018లో గుజరాతు గిర్ అడవిలో కొద్ది వారములలోనే 20కి పైగా సింహములు చచ్చినప్పుడు కొన్నిటిలో ఈ వైరసే కనబడినది. ఏటూరునాగారము, పాకాల వంటి అభయారణ్యములలోకి కుక్కతో పోవుట తగదు. చెరువు కట్ట చాలును.

ఇక గుర్రము. జనగామలో మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు, పిల్లలు చాచా అని పిలుచుదురు. ఆయనకు బాద్షా అను తెల్ల గుర్రము కలదు. పెండ్లి బరాతులలో వరుని మోయుట దాని పని. ఆషాఢములో, మూఢములో పెండ్లిండ్లు ఉండవు. అప్పుడు ఆదాయము లేదు గాని ఉలవ గుగ్గిళ్ళు తప్పవు. పైగా పని లేక నిలుచున్న గుర్రమునకు కాళ్ళు పొంగును. గనుక చాచా దానిని కట్టమీద నడిపించును.

మొదటినాడు మా కుక్కలు దాని వెనుకకు పోయి మొరిగినవి. చాచా కేక వేసినాడు: "పాస్టర్ సాబ్, ఎనుక నుంచి రానియ్యకుండ్రి! దానికి తోక ఎనుక కనబడదు, ముక్కు ముందర కనబడదు. ప్రక్కకెళ్ళి రావాలె." ఆ తరువాత మూడు వారములు కుక్కలను త్రాడుతో ముప్పది అడుగుల దూరములో, గుర్రమునకు కనబడునట్లు ప్రక్కన నడిపించినాము. దినమునకు కొంత దగ్గర. ఇప్పుడు మోతీ, చిన్నది బ్లాకీ, బాద్షా ఒక వరుసలో నడచును.

మా అమ్మాయికి పదునాలుగేండ్లు. భోజనపు బల్లవద్ద ఆమెతో మాట రాబట్టుట గగనము. ఎడమ ప్రక్కనుండి రికాబులో కాలు పెట్టి ఎక్కుట చాచా నేర్పినాడు. మా స్కూటరు హెల్మెట్ పెట్టుకొని కూర్చుండును, చాచా కళ్ళెము పట్టుకొని నడచును, మేము కుక్కలతో ప్రక్కన. ఆ అరగంటలో బడి సంగతులన్నియు పైనుండి చెప్పుచుండును. పరీక్షలో తప్పిన మాట కూడ మాకు అక్కడినుండియే తెలిసినది. గుర్రముమీద ఉన్నవారిని ఎట్లు కోపపడవలెనో తెలియక ఊరకుంటిమి.

ఎండాకాలము జాగ్రత్త. జనగామ బండలనేల ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుటే దాని విసనకర్ర. తారు రోడ్డుమీద మీ అరచేతి వెనుక భాగము పెట్టి ఏడు లెక్కించుడి, పెట్టలేకపోతే కుక్క పాదములకును అది నిప్పే. గుర్రమునకు చెమట బాగుగా పట్టును, గనుక నీళ్ళు, కొంచెము ఉప్పు కావలెను. గుర్రము వాంతి చేసికొనలేదు. దాని కడుపు చెడితే ప్రాణముమీదికి వచ్చును. అందుకే పిల్లలు ప్రేమతో మిఠాయి, పెండ్లి అన్నము పెట్టబోయినప్పుడు చాచా వారిని తరుముచుండును. పెండ్లివారును ఈ మాట వింటే మంచిది. డీజే పెట్టెల నడుమ, టపాకాయల నడుమ నాలుగు గంటలు నిలుచు ఆ జంతువుకు బకెట్టు నీళ్ళు పెట్టిన విందు మేము ఇంతవరకు ఒక్కటే చూచినాము.

ఇప్పుడు శ్రావణము వచ్చినది. వచ్చే శనివారము బాద్షాకు పాలకుర్తి వైపు పెండ్లి ఉన్నదట. ఆ వారము కట్టమీద మేమును కుక్కలును మాత్రమే.