బండికి రిపేరొచ్చింది, అంతే. పోలేదు.

బండి ఆగిపోతే మనం "రిపేరొచ్చింది" అంటాం. పెరియపాళయంలో తమిళంవాళ్ళు "వండి రిప్పేర్" అన్నా బండి చెడిందనే అర్థం. కన్నడంలో "రిపేరిగె బందిదె" అంటారు. బడిలో కన్నడం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఇక్కడ తమిళంలో బేరమాడే మాలాంటివాళ్ళకి ఈ మూడు భాషలూ ఒకే సంగతి చెప్తాయి. చెడిందంటే బాగుచేసే పని మొదలైందని అర్థం. ఇప్పుడు షెడ్డుల్లో కొత్తగా ఇంకో మాట వినిపిస్తా ఉంది: "యూనిట్ పోచ్చు, మొత్తం మార్చాల." కొలవకుండా చెప్పిన ఈ మాటని మన కుటుంబాలు ఒప్పుకోకూడదు. ఈసారి రాస్తున్నది దాని గురించే.

మా పెద్దనాయన చెన్నైలో సెకండ్ హ్యాండుకి కొన్న తోట ట్రాక్టర్ సంగతి మనవాళ్ళకి తెలిసిందే. జామచెట్ల మధ్య గడ్డి కోయడానికీ, మల్లె చాళ్ళ పక్కన చిన్న ట్రాలీ లాగడానికీ అదే దిక్కు. దానికి గేర్లు మార్చే పని లేదు, హైడ్రోస్టాటిక్ బండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే లాగేది. గంట నడిచాక గట్టు ఎక్కాలంటే మొరాయించేది. షెడ్డుకి తీసుకుపోతే పది నిమిషాల్లో తీర్పు వచ్చేసింది, యూనిట్ మార్చాలని. వాళ్ళు చెప్పిన రేటు బండి కొన్న రేటుకన్నా ఎక్కువ. ఆ పది నిమిషాల్లో ఒక్క గేజీ కూడా పెట్టలేదు.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పరీక్ష చేయకుండా తీర్పు చెప్తే మా ఆఫీసులో ఎవరూ వినరు. పొలానికొచ్చేసరికి మాత్రం ఎందుకు వినాలి?

అసలు ఈ హైడ్రోస్టాటిక్‌లో మాయ ఏమీ లేదు. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో ఒక మోటారుకి పంపుతుంది, మోటారు చక్రాల్ని తిప్పుతుంది. పంపులో స్వాష్ ప్లేట్ అనే వాలు పలక ఒకటి ఉంటుంది. మన చేతిలోని లీవరు ఆ పలకని వంచుతుంది. ఎక్కువ వంచితే పిస్టన్లు ఎక్కువ దూరం కదిలి ఎక్కువ నూనె తోస్తాయి, బండి వేగంగా పోతుంది. అటువైపు వంచితే వెనక్కి పోతుంది. లోపల తగ్గిన నూనెను చార్జ్ పంపు అనే చిన్న పంపు ఎప్పటికప్పుడు నింపుతా ఉంటుంది.

ఇందులో అరుగుదల ఎట్లా దెబ్బ కొడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. పిస్టన్‌కీ దాని గూటికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందంకన్నా చాలా తక్కువ. ఆ సందు రెండింతలైతే, అదే ఒత్తిడికి కారిపోయే నూనె ఎనిమిదింతలవుతుంది. పైగా నూనె వేడెక్కితే పల్చబడుతుంది, ఇంకా ఎక్కువ కారుతుంది. చల్లగా ఉన్నప్పుడు లాగి, వేడెక్కాక చేతులెత్తేయడానికి కారణం ఇదే. కానీ ఇదే లక్షణం పల్చని నూనె పోసినా వస్తుంది. బైపాస్ వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా వస్తుంది. లక్షణం ఒకటే, కారణాలు మాత్రం నాలుగైదు. అందుకే కొలత కావాలి అంటున్నాం.

ఊత్తుకోట రోడ్డులో ఇంకో మెకానిక్ అన్న దొరికాడు. ఆయనకి ముందే చెప్పినాం, "చూసినందుకు కూలి విడిగా ఇస్తాం, ఏమీ మార్చకపోయినా సరే" అని. అప్పుడు పని వరసగా జరిగింది. గట్టు మీద ఒకే చోట, ఒకే బరువుతో, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంట నడిచాక ఒకసారి ఫోనులో టైము చూసినాం. ఒక్కోసారి ఒక్కటే మార్చినాం, మార్చిన ప్రతిసారీ మళ్ళీ అదే పరీక్ష.

నూనె చూస్తే ఉండాల్సినదానికన్నా పల్చనిది. మార్చినాం, ఫిల్టరు కూడా. ఇంజనుకీ పంపుకీ మధ్య ఉన్న కప్లింగ్‌లో రబ్బరు చిరిగి, పిన్నులు అరిగి ఉన్నాయి. లీవరు కొసన ఉన్న రంధ్రం సాగిపోయి ప్లే వచ్చింది. మనం లీవరు పూర్తిగా తోసినా లోపల పలక పూర్తిగా వంగడం లేదన్నమాట. ఆ రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి, ఆకురాయితో మళ్ళీ సైజుకి తెచ్చినాడు. ఇంతవరకూ పంపు విప్పనే లేదు. బండిలో అప్పటికే చాలా తేడా కనిపించింది, కానీ వేడి మీద ఇంకా కొంచెం నీరసం ఉంది. అప్పుడు గేజీ పెట్టి చార్జ్ ప్రెషర్ చూసి, ఆ తర్వాతే విప్పినాం. వాల్వు ప్లేట్ మీద గీతలు, అంతగా లోతు లేవు. దాన్ని చదును పలక మీద సన్నని పేస్టుతో అరగదీసి, కడిగి, కొత్త సీళ్ళు వేసి బిగించినాడు.

బండి కొత్తది కాలేదు. వేడి మీద ఇప్పటికీ ఒక పిసరు తగ్గుతుంది. కానీ గట్టు ఎక్కుతుంది, ట్రాలీ లాగుతుంది. తోటకి అంతకన్నా ఏం కావాలి?

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటల్లో న్యాయం లేకపోలేదు. హైడ్రాలిక్ పనికి శుభ్రం కావాలి, ఒక ఇసుక రేణువు చాలు చేసిన పనంతా చెడగొట్టడానికి. నిజమే. ఒత్తిడిలో ఉన్న నూనె సన్నని రంధ్రంలోంచి చిమ్మితే చర్మంలోకి దూసుకుపోతుంది, అందుకే కారుతోందా అని చేత్తో తడిమి చూడకూడదు. అదీ నిజమే. సిలిండర్ బ్లాకు లోతుగా గీతలు పడితే మార్చక తప్పదు. ఒప్పుకుంటాం. ఇవన్నీ జాగ్రత్తగా, తెలిసినవాళ్ళ చేత చేయించాలి అనడానికి కారణాలు. కొలవకుండా పారేయడానికి ఇందులో ఒక్క కారణమూ లేదు.

ఇది ఒక్క తోట ట్రాక్టర్ గొడవ కూడా కాదు. సాంబా, నవరై కోతలకి మన మళ్ళలోకి దిగే రబ్బరు ట్రాకుల వరికోత మిషన్లలో చాలావాటికి ఈ హైడ్రోస్టాటిక్ డ్రైవే ఉంది. పంట వాలిపోయి, మబ్బు పట్టి ఉన్నప్పుడు ఆ మిషన్ ఆగితే, యూనిట్ ఎక్కడినుంచో వచ్చేదాకా వడ్లు ఆగవు. మొలకెత్తుతాయి.

ప్రపంచంలో ఈ పోరాటం జరుగుతానే ఉంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అది గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. మంచిదే. కానీ పోర్టల్ చూస్తే సీలు దొరకదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతులకి రిపేరు హక్కు చట్టం చేసింది, అది 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయంలో జాన్ డీర్ మీద కేసు వేసింది. అదే దేశంలో 1960ల నాటి హైడ్రోస్టాటిక్ కబ్ క్యాడెట్ తోట ట్రాక్టర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. పుస్తకాలు ఉన్నాయి, విడిభాగాలు దొరుకుతాయి, సాగిన రంధ్రాన్ని పూడ్చి సైజు చేసేవాళ్ళు ఉన్నారు. అక్కడున్న మన పిల్లలు వాటిని చూసే ఉంటారు. అరవై ఏళ్ళ బండి అక్కడ బతుకుతుంటే, దానికన్నా వయసులో చిన్నది ఇక్కడ పాత ఇనుములోకి ఎందుకు పోవాలి?

కంపెనీలని అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. యూనిట్ మొత్తంగా కాకుండా సీళ్ళు, వాల్వు ప్లేట్లు, కప్లింగులు విడిగా అమ్మాలి. ఏ చోట ఎంత ప్రెషర్ ఉండాలో రాసిన పుస్తకం ఇవ్వాలి, అది తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి. అంకెలు తెలియని మెకానిక్ అంచనాతోనే మాట్లాడతాడు. ఆ అంచనా తప్పితే డబ్బు పోయేది రైతుకి.

మనవాళ్ళు కూడా ఒక అలవాటు మానుకోవాలి. "చూసినదానికి డబ్బులేంది?" అని అడగడం. చూసినందుకు కూలి ఇవ్వకపోతే మెకానిక్‌కి మిగిలేది సామాను అమ్మకమే. ఇక అతను యూనిట్ మార్చమనక ఏం చేస్తాడు? బుర్రకి కూలి ఇవ్వండి, అప్పుడు బుర్రే పని చేస్తుంది.

ఈసారి ఎవరైనా మీ బండి యూనిట్ పోయిందంటే ఈ మూడు అడగండి. నూనె, ఫిల్టరు, కప్లింగు, లీవరు చూసినారా? వేడి మీద గేజీ ఎంత చూపించింది? ఎంత చూపించాలి? మూడింటికీ జవాబు వస్తే మార్చండి, మాకేం అభ్యంతరం లేదు. రాకపోతే తాళంచెవి జేబులో వేసుకుని ఇంకో షెడ్డుకి పోండి. కొలిచి చూపించేదాకా బండి పోయినట్టు కాదు. రిపేరొచ్చింది, అంతే.