ఎం.కాం. సీయేకు సవతిబిడ్డా?

"సీయే అందలేదు కనుక ఎం.కాం.లో చేరాడు." వాణిజ్యశాస్త్రంలో పీజీ చదివినవారిలో ఈ మాట పడనివారు అరుదు. నేనూ పడ్డాను. చుట్టాలు అన్నందుకు నాకు బాధ లేదు. ఆ మాట నిజమేనని మన విశ్వవిద్యాలయాలు కూడా ఒప్పుకొని, ఎం.కాం.ను సీయేకు చవకరకం నకలుగా నడపడమే నా అభ్యంతరం.

ముందుగా ఎదుటిపక్షానికి దక్కవలసినది దక్కనిద్దాం. 2013 కంపెనీల చట్టం 141వ సెక్షను ప్రకారం కంపెనీకి ఆడిటరు కాగలిగినది చార్టర్డ్ అకౌంటెంటు మాత్రమే. 55 శాతం మార్కులతో బి.కాం. ముగించినవాడు ఫౌండేషన్ పరీక్ష రాయకుండానే సీయే ఇంటర్మీడియెట్‌లో చేరవచ్చు. మరో రెండేళ్ళు చదివి ఎం.కాం. తెచ్చుకున్నవాడికీ అదే ద్వారం. ఇక 2021లో యూజీసీ సీయేను పీజీ పట్టాతో సమానంగా గుర్తించింది. అంటే సీయే వచ్చి ఎం.కాం. పక్కన కూర్చొని నెట్ రాయవచ్చు. ఎం.కాం. వెళ్ళి సీయే పక్కన కూర్చొని సంతకం పెట్టలేడు. సంతకమే లక్ష్యమైతే ఎం.కాం. దండగ. ఒప్పుకుంటాను.

దీనికి కొందరు పెద్దలు చెప్పే మందు "ఉపాధికి పనికివచ్చే పాఠ్యప్రణాళిక". టాలీ చేర్చండి, జీఎస్టీ రిటర్నులు చేర్చండి అంటారు. అయ్యా, అవి అమీర్‌పేటలో కొద్ది నెలల్లో నేర్పుతారు. వాటికోసం విశ్వవిద్యాలయం, ఆచార్యులు, రెండేళ్ళ కాలం ఎందుకు?

మరి విశ్వవిద్యాలయం పని ఏమిటి? మన హైదరాబాదు ఉదాహరణే చూడండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేనేలేవన్నారు. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడా కల్పితమే అన్నారు. ఆ కంపెనీ వార్షిక లెక్కలపై ఏటా ఆడిటర్ల సంతకాలున్నాయి. బ్యాంకులనుండి ఆడిటర్లకు నేరుగా అందవలసిన నిల్వల నిర్ధారణ పత్రాలను పంపించడం, తెప్పించుకోవడం పూర్తిగా యాజమాన్యానికే వదిలేశారని 2011లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ తేల్చింది.

ఆడిటర్లకు జంటపద్దు విధానం తెలియక జరిగిన సంగతి కాదిది. అడగవలసిన ప్రశ్న అడగకపోవడంవల్ల జరిగింది. అన్ని కోట్ల వడ్డీ "రావలసిన" పద్దులోనే ఎందుకు ఉండిపోయింది? ఈ ప్రశ్న వేయడానికి సంతకం హక్కు అక్కరలేదు. కంపెనీనుండి ఫీజు తీసుకోనివాడు దానిని మరింత స్వేచ్ఛగా వేయగలడు. ఎం.కాం. విద్యార్థికి ఉన్న బలం అదే! వృత్తివిద్య లెక్కలను ఎలా చూపాలో నేర్పుతుంది. అవి ఎవరి మేలుకోసం అలా చూపబడ్డాయో అడగడం విశ్వవిద్యాలయం నేర్పాలి.

కాని నాకు తెలిసిన తరగతుల్లో సత్యం ఉదంతం ఒక చిన్న ప్రశ్నగా మిగిలింది. ప్రాజెక్టుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఏభైమందికి ప్రశ్నావళి పంచి "వినియోగదారుల సంతృప్తి: ఒక అధ్యయనం" అని అట్ట వేస్తే పని ముగిసినట్టే. దాని బదులు ప్రతి విద్యార్థికీ ఒక కంపెనీని అప్పగించి, పదేళ్ళ వార్షిక నివేదికలు చదివించండి. అవి ఉచితంగానే దొరుకుతాయి. లాభం పెరుగుతున్నా చేతికి నగదు ఎందుకు రావడంలేదో, యాజమాన్యం బంధువుల సంస్థలకు ఏ అప్పులు వెళ్ళాయో, ఏ సంగతి చివరి పేజీల చిన్న అక్షరాల్లోకి జారిందో రాయించండి. ఇందుకు కొత్త భవనాలు, కొత్త నిధులు అవసరం లేదు.

"ముందు ఉద్యోగం, తరువాత ప్రశ్నలు" అనేవారికి ఒక్క మాట. బ్యాంకులో అప్పు మంజూరు చేసే బల్ల దగ్గర పనికివచ్చేది పట్టీ తయారుచేయగలవాడా, పట్టీలోని అబద్ధాన్ని పట్టగలవాడా? ఎం.కాం. చదివిన మిత్రులు, చదివిస్తున్న మిత్రులు నాతో విభేదిస్తే తప్పక రాయండి. కాని "సీయే రానివారి చదువు" అన్న పాత పాట మాత్రం వద్దు.